బ్రేకుల్లేని సైకిలూ, బుర్రలేని ఫ్యాషనూ

మొన్న మా ఆఫీసు సెల్లార్‌లో ఒక సైకిల్ చూశాను. నల్లటి ఫ్రేము, సన్నటి టైర్లు, వెనక ఒకే ఒక్క పళ్ళచక్రం. గేర్లు లేవు, మడ్‌గార్డులు లేవు, స్టాండు లేదు. ఇంతవరకూ బానే ఉంది. తీరా చూస్తే బ్రేకులు కూడా లేవు! ముందూ లేదు, వెనకా లేదు. సైకిల్ ఓనరు మా పక్క టీమ్ కుర్రాడే. "ఫిక్స్‌డ్ గేర్ అన్నా. పెడలే బ్రేకు. చూడు ఎంత క్లీన్‌గా ఉందో" అన్నాడు మురిసిపోతూ. ఎక్కణ్ణుంచి తొక్కుకొస్తావు నాయనా అంటే "శాలిబండ నుంచి" అన్నాడు.

శాలిబండ నుంచట! చార్మినార్, మదీనా, నయాపూల్ దాటి, మెహిదీపట్నం, టోలీచౌకీ మీదుగా గచ్చిబౌలి. సుమారు 20 కిలోమీటర్లు. ఆ దారిలో మదీనా చౌరస్తా ఒక్కటి చాలు, మనిషికి బ్రేకుల విలువ తెలియడానికి. ఎడమ నుంచి తోపుడు బండి, కుడి నుంచి ఆటో, ఎదురుగా రాంగ్ సైడ్‌లో స్కూటర్, మధ్యలో ఫోన్ చూసుకుంటూ రోడ్డు దాటే పెద్దమనిషి. అందులో ఈ కుర్రాడు పెడలే బ్రేకు అనుకుంటూ దూరతాడు.

ఇది ఫిక్స్‌డ్ గేర్ అంటే ఏంటో తెలియనివాడి కోపం కాదని ముందే చెప్పేస్తున్నా. నేనూ అదే తొక్కుతాను, ఇంచుమించు అదే దారిలో. ఆ సైకిలంటే ఇష్టం ఉంది కాబట్టే ఈ గొడవంతా.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. మామూలు సైకిల్లో వెనక చక్రానికి ఫ్రీవీలు ఉంటుంది. తొక్కడం ఆపితే కాళ్ళు ఆగుతాయి, చక్రం టిక్కుటిక్కుమంటూ తిరుగుతూనే ఉంటుంది. ఫిక్స్‌డ్ గేర్లో ఫ్రీవీలు ఉండదు. పళ్ళచక్రం హబ్‌కి బిగించేసి ఉంటుంది. చక్రం తిరిగినంతసేపూ పెడల్ తిరగాల్సిందే, కాళ్ళు ఆడాల్సిందే. కాళ్ళతో ఎదురు నొక్కితే బండి నెమ్మదిస్తుంది. చార్మినార్ చుట్టూ పరిచిన రాళ్ళ మీద, నడిచే మనిషి వేగంతో జనంలోంచి పోయేటప్పుడు ఈ పట్టు ఎంత హాయిగా ఉంటుందో తొక్కితేగానీ తెలీదు. వానాకాలంలో అయితే మరీను. పైగా వంగిపోవడానికి డీరెయిలర్ లేదు, తెగిపోవడానికి గేరు వైరు లేదు.

మరి బ్రేకులు ఎందుకు తీసేస్తారు? వెలోడ్రోమ్‌లో అలా ఉంటాయి కాబట్టి. 2002 జాతీయ క్రీడల కోసం మన ఉస్మానియా యూనివర్సిటీలో కూడా ఒకటి కట్టారు. అక్కడ అందరూ ఒకే దిక్కుకి తిరుగుతారు, ఎదురు వచ్చేవాడు ఉండడు, సడన్‌గా ఆగేవాడు ఉండడు. ఒకడు హఠాత్తుగా బ్రేకు వేస్తే వెనక ఉన్నవాళ్ళంతా మీద పడతారు. కాబట్టి అక్కడ బ్రేకు లేకపోవడమే క్షేమం. మదీనాలో ఈ షరతుల్లో ఒక్కటైనా ఉందా? రూలు తెచ్చుకున్నారు గానీ ఆ రూలుకి కారణమైన ట్రాకుని మాత్రం అక్కడే వదిలేశారు. మనం స్టాక్ ఓవర్‌ఫ్లో నుంచి కోడ్ కాపీ కొట్టి, పైనున్న కండిషన్ వదిలేసినట్టు.

నా మాట ఒక్కటే. భాగాలు తగ్గించుకుంటూ పోతే పని తగ్గదు, ఆ పని మిగిలిన భాగాల మీద పడుతుంది. మామూలు సైకిల్లో చైను పని ముందుకి లాగడం. ఫిక్స్‌డ్ గేర్లో అది ముందుకీ లాగాలి, వెనక్కీ ఆపాలి. చైను ఊడితే మామూలు సైకిల్ తోసుకుంటూ ఇంటికెళ్తారు. బ్రేకుల్లేని ఫిక్స్‌డ్ గేర్లో చైను ఊడితే మీ దగ్గర సైకిల్ ఆపడానికి చెప్పులు మాత్రమే మిగులుతాయి. సర్వర్ డిజైన్లో "సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్" అని గంటలకొద్దీ మీటింగులు పెట్టే మనం, మన ప్రాణం దగ్గరికొచ్చేసరికి ఒక్క చైను మీద మొత్తం వదిలేస్తామా?

ఈ జ్ఞానం నాకు బోధి చెట్టు కింద రాలేదు. ఫలక్‌నుమా బ్రిడ్జి కింద వచ్చింది. కొన్నేళ్ళ కింద పాత సైకిల్ ఒకటి తీసుకుని, ఫ్రీవీల్‌ని వెల్డింగ్ చేయించి ఫిక్స్‌డ్ గేర్ చేసుకున్నాను. చాలామంది చేసే పనే, ఖర్చు దాదాపు ఉండదు. ముందు బ్రేకు కూడా నేనే పీకేశాను, లుక్కు కోసం. మా పేట సైకిల్ మెకానిక్ చాచా చూసి "క్యా సాబ్, లగామ్ నికాల్ కే ఘోడే పే బైఠ్‌తే క్యా?" అన్నాడు. కళ్ళెం తీసేసి గుర్రమెక్కుతారా అని. నవ్వేసి ఊరుకున్నా. రెండు వారాలకి బ్రిడ్జి దిగుతుంటే ముందు ఆటో టక్కున ఆగింది. గట్టిగా ఎదురు నొక్కాను. ఫ్రీవీలు మర ఊడి తిరిగిపోయింది, కాళ్ళు గాల్లో తొక్కినట్టు వెనక్కి పోయాయి. ఎడమ మణికట్టు విరిగింది. ఆటోలో కూర్చున్న పెద్దావిడకి ఏం కాకపోవడం నా అదృష్టం. తప్పు ఆటోవాడిది కాదు, వెల్డింగ్ చేసినవాడిదీ కాదు. నాదే.

ఎందుకు ఊడింది? ఫ్రీవీలు హబ్ మీద మామూలు కుడిచేతి మర మీద కూర్చుంటుంది. ముందుకి తొక్కేకొద్దీ బిగుసుకుంటుంది, ఎదురు నొక్కితే వదులవుతుంది. మామూలుగా ఎవరూ ఎదురు నొక్కరు, నొక్కినా ఫ్రీవీలు ఖాళీగా తిరుగుతుంది, కాబట్టి ప్రమాదం లేదు. వెల్డింగ్ చేశామా, ఎదురు నొక్కిన ప్రతిసారీ మనమే స్పానర్ పెట్టి విప్పుతున్నట్టు లెక్క. అసలైన ట్రాక్ హబ్‌కి రెండు మరలు ఉంటాయి. పళ్ళచక్రానికి కుడిచేతి మర, దాని మీద బిగించే లాక్‌రింగ్‌కి ఎడమచేతి మర. పళ్ళచక్రం వదులవ్వబోతే లాక్‌రింగ్‌ని తోస్తుంది, అది ఇంకా బిగుసుకుంటుంది. వెల్డింగ్ చేసిన ఫ్రీవీల్‌కి ఆ రెండో మర ఎక్కడిది? అలాంటి హబ్‌ని ఇంగ్లిష్ వాళ్ళు సూసైడ్ హబ్ అనే పిలుస్తారు. పేరులోనే చెప్పారు, మనమే వినలేదు.

సరే, తిట్టడం తేలిక. మరి ఏం కొనాలి, ఎలా చూసుకోవాలి?

మొదట బ్రేకులు. ముందొకటి తప్పనిసరి. సైకిల్ ఆగేటప్పుడు బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది, వెనక చక్రం తేలికై జారుతుంది. కాళ్ళతో ఎంత నొక్కినా ఆగేది వెనక చక్రమే. ముందు బ్రేకు ఇచ్చే పట్టులో సగం కూడా రాదు. రెండోది వెనక కూడా ఉంటే మంచిదని నా పక్షం, ఎందుకంటే పొద్దున్న 20 కిలోమీటర్లు, సాయంత్రం 20 తొక్కాక కాళ్ళలో పట్టు ఉండదు. ఇంకో సంగతి, రిమ్ము అల్యూమినియంది ఉండాలి. పాత సైకిళ్ళ మెరిసే స్టీలు రిమ్ము మీద నీళ్ళు పడితే బ్రేకు రబ్బరు పట్టదు. జూలై వానలో ఎన్నిసార్లు చూశామో.

రెండోది హబ్. లాక్‌రింగ్ ఉన్న ట్రాక్ హబ్ కొనండి, వీలైతే ఫ్లిప్‌ఫ్లాప్ రకం. ఒక పక్క ఫిక్స్‌డ్ పళ్ళచక్రం, రెండో పక్క ఫ్రీవీలు. చక్రం విప్పి తిప్పి పెట్టుకుంటే చాలు. ఇదేం కొత్త వింత కాదు. టూర్ డి ఫ్రాన్స్‌లో 1937 దాకా డీరెయిలర్లకి అనుమతి లేదు. అప్పటి రేసర్లు కొండ మొదట్లో దిగి, చక్రం తిప్పి రెండో పక్క పళ్ళచక్రం పెట్టుకుని ఎక్కేవాళ్ళు. మొత్తం సైకిల్లో ఒక్క చోటే డబ్బు పెట్టగలనంటే ఈ హబ్ మీదే పెట్టండి.

మూడోది పళ్ళ లెక్క. ఇది మనవాళ్ళకి బాగా నచ్చే భాగం. నాది ముందు 44, వెనక 18. చక్రం చుట్టుకొలత 2.1 మీటర్లు. అంటే ఒకసారి తొక్కితే 5.13 మీటర్లు. నిమిషానికి 80 సార్లు తొక్కితే గంటకి 24.6 కిలోమీటర్లు. పాతబస్తీకి ఇంతకంటే పెద్ద గేరు దండగ. ఇక స్కిడ్ కొట్టి ఆపుతామనే వీరులకి ఒక చిన్న లెక్క. ఇంటర్వ్యూల్లో అడిగే గరిష్ట సామాన్య భాజకం ఎట్టకేలకు ఇక్కడ పనికొస్తుంది. వెనక పళ్ళ సంఖ్యని ఆ భాజకంతో భాగిస్తే, ఎప్పుడూ ఒకే కాలు ముందుంచి స్కిడ్ కొట్టేవాడి టైరు ఎన్ని చోట్ల అరుగుతుందో వస్తుంది. 44, 18 అయితే 9 చోట్ల. 46, 17 అయితే 17 చోట్ల. షోగ్గా ఉంటుందని 48, 16 పెట్టుకున్నారా, ఒకటే చోటు! ప్రతి స్కిడ్డూ టైరు మీద అదే చోట గీకుతుంది, ఏదో ఒకరోజు నడిరోడ్డు మీద పేలుతుంది. బ్రేకు పెట్టుకుంటే ఈ లెక్కతోనే పనిలేదు.

నాలుగోది క్రాంకులు. పాత సైకిళ్ళకి కాటర్ పిన్నులు ఉంటాయి. ముందుకి మాత్రమే తొక్కేవాడికి అవి జన్మంతా పనిచేస్తాయి. ఫిక్స్‌డ్ గేర్లో బలం ముందుకీ వెనక్కీ మారుతూ ఉంటుంది కాబట్టి పిన్ను అరిగి కటకటమంటుంది. చతురస్రపు ఇరుసు ఉన్న కాటర్‌లెస్ క్రాంకు తీసుకోండి. పొడవు 165 మిల్లీమీటర్లయితే మేలు. మలుపులో కూడా పెడల్ తిరుగుతూనే ఉంటుంది, స్పీడ్ బ్రేకర్‌కి తగిలిందంటే సైకిలెక్కడో మీరెక్కడో.

ఐదోది టైర్లు. 32 లేదా 35 మిల్లీమీటర్ల వెడల్పు. ఫిక్స్‌డ్ గేర్లో గుంత కనబడితే పెడల్ ఆపి గాల్లోకి లేవడం కుదరదు, టైరే మింగాలి. చువ్వలు 36 ఉన్న చక్రాలు తీసుకోండి. మన పాత నల్ల సైకిళ్ళకి ముందు 32, వెనక 40 ఉండేవి. మూటలు మోసే సైకిల్ కాబట్టి అలా పెట్టారు, షోకు కోసం కాదు. సైజు దగ్గర ఒక జాగ్రత్త. మన షాపుల్లో "28" అంటే పాత సైకిల్ టైరు, దాని అంచు కూర్చునే వ్యాసం 635 మిల్లీమీటర్లు. 700సి అంటే 622. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, 13 మిల్లీమీటర్ల తేడాలో రాత్రి 9 గంటలకి మీ బతుకు అఫ్జల్‌గంజ్‌లో ఆగిపోతుంది. ట్యూబ్ వాల్వ్ బైకులకుండే లావు రకమే పెట్టించండి. ఏ పంచర్ షాపులోనైనా గాలి కొడతారు. సన్న ప్రెస్టా వాల్వ్ పట్టుకెళ్తే "ఏ క్యా హై సాబ్" అని మనల్నే అడుగుతారు.

ఇక మెయింటెనెన్స్. సోమవారం పొద్దున్న ఐదు నిమిషాలు చాలు. చైను మధ్యలో వేలు పెట్టి కిందికీ పైకీ ఆడించండి, మొత్తం మీద ఒక సెంటీమీటరు ఆడాలి. ముందు పళ్ళచక్రం ఎప్పుడూ నిక్కచ్చి గుండ్రంగా ఉండదు కాబట్టి క్రాంకు మొత్తం తిప్పి, బాగా బిగుతుగా ఉన్న చోట చూడాలి. ఎక్కువ వదులైతే చైను ఊడుతుంది, ఎక్కువ బిగిస్తే బేరింగులు పోతాయి. ఇరుసు నట్లకి 15 నంబరు స్పానర్ బ్యాగులో ఎప్పుడూ ఉండాలి. నెలకోసారి పిల్లల స్కేలు తీసుకుని చైను కొలవండి. పిన్ను నుంచి పిన్నుకి 24 లింకులు సరిగ్గా 12 అంగుళాలు. 1/16 అంగుళం పెరిగిందంటే చైను మార్చాలి. 1/8 దాకా నిద్రపోయారంటే పళ్ళచక్రాలు కూడా మార్చాలి. ఇంతకంటే చవకైన మానిటరింగ్ టూల్ నేను చూడలేదు.

చైను మీద కొబ్బరినూనె, బైకు ఇంజన్లోంచి తీసిన నల్ల ఆయిల్ పొయ్యకండి. మన దుమ్ముతో కలిసి అది సానరాయి అవుతుంది. పాత బ్రష్షు, కాస్త డీజిల్‌తో కడిగి, ఆరాక ఒక్కో లింకుకి ఒక్కో చుక్క మంచి ఆయిల్ వేసి, పైన అంటింది తుడిచెయ్యాలి. ఇక్కడ అన్నిటికంటే ముఖ్యమైన మాట. చక్రం గిరగిరా తిప్పుతూ గుడ్డతో చైను తుడవద్దు. మామూలు సైకిల్లో గుడ్డ ఇరుక్కుంటే పెడల్ ఆగుతుంది. ఫిక్స్‌డ్ గేర్లో తిరిగే చక్రమే చైనుని లాగుతుంది, గుడ్డతో పాటు వేలు కూడా పోతుంది. 2008లో చనిపోయిన అమెరికన్ మెకానిక్ షెల్డన్ బ్రౌన్ ఇంటర్నెట్‌లో ఫిక్స్‌డ్ గేర్ గురించి మా తరానికంతా పాఠం చెప్పినాయన. ఆయన కూడా మరీ మరీ హెచ్చరించింది దీని గురించే.

వానాకాలం అయిపోయాక ఒకసారి పూర్తి ఓవరాయిలింగు. హబ్బులు విప్పి, ఛర్రాలు కడిగి, కొత్త గ్రీజు. ఇది మీరు చెయ్యక్కర్లేదు, మీ పేట మెకానిక్ చేస్తాడు, మీకంటే బాగా చేస్తాడు.

ఇప్పుడు రెండో వర్గం దగ్గరికి వస్తాను. "ఇంత గొడవ ఎందుకు బాస్, లక్ష పెట్టి గేర్ల సైకిల్ కొనుక్కో" అనేవాళ్ళు. ఏమాటకామాట, గేర్లు చెడ్డవని నేననను. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళు, రోజూ కొండలెక్కేవాళ్ళు హాయిగా కొనుక్కోండి. కానీ దూరం పోవాలంటే గేర్లు ఉండి తీరాల్సిందే అనేది అబద్ధం. 200 కిలోమీటర్ల బ్రెవేకి గడువు 13న్నర గంటలు. నా గేరు లెక్కన దానికి సుమారు 39 వేలసార్లు తొక్కాలి, మధ్యలో కాలికి విశ్రాంతి లేకుండా. కష్టమే గానీ అసాధ్యం కాదు. 90 గంటల్లో 1200 కిలోమీటర్లు తొక్కే పారిస్-బ్రెస్ట్-పారిస్‌ని కూడా ఫిక్స్‌డ్ గేర్ మీద పూర్తి చేసినవాళ్ళున్నారు. మనకి చాంద్రాయణగుట్ట దాటితే పహాడీషరీఫ్, అక్కణ్ణుంచి ఆమనగల్లు, కల్వకుర్తి, డిండి, మన్ననూరు, శ్రీశైలం. మన్ననూరు దాకా ఫిక్స్‌డ్‌లో సుఖంగా పోవచ్చు. దోమలపెంట ఘాట్ దిగేముందు మాత్రం చక్రం తిప్పి ఫ్రీవీల్ పక్కకి మార్చుకోండి. నా గేర్లో గంటకి 45 కిలోమీటర్ల వేగమంటే కాళ్ళు నిమిషానికి 146 సార్లు తిరగాలి. అక్కడ బ్రేకుల్లేకుండా దిగేవాడిని మల్లన్న కూడా కాపాడడు.

లక్ష సైకిల్‌తో నా పేచీ వేరే. చెడిపోతే ఎవరు బాగుచేస్తారు? ఆ కంపెనీ హ్యాంగర్ ఆ మోడల్‌కే, ఆ చైను ఆ గేర్ సెట్‌కే. దీన్ని మనం వెండర్ లాక్-ఇన్ అని తిట్టుకుంటాం కదా ఆఫీసులో? 1951లో మొదలైన అట్లాస్ కంపెనీ 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడు, సాహిబాబాద్ ఫ్యాక్టరీలో పని ఆపేసింది. అయినా మా వీధిలో అట్లాస్ సైకిళ్ళు ఇవాళ్టికీ తిరుగుతున్నాయి. ఎందుకంటే దాని టైరు, చువ్వ, ఫ్రీవీలు ఒక్క కంపెనీ సొత్తు కాదు, ఏ కంపెనీ చేసినా పడుతుంది. ఓపెన్ స్టాండర్డ్ అంటే అదీ. నేను ఏ భాగం కొన్నా మొదట వేసుకునే ప్రశ్న ఇది ఎంత బరువు అని కాదు, మా చాచా దగ్గర దీనికి స్పానర్ ఉందా అని.

2023 అక్టోబర్లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ మొదలైంది. బాగుంది, నేనూ వెళ్ళాను, నీడలో తొక్కాను. కానీ సైకిల్ మీద బతికేవాళ్ళు అటు ఉండరు. పాతబస్తీలో పొద్దున్నే చాయ్ ఫ్లాస్కులు, పాలక్యాన్లు, పేపర్ కట్టలు మోసే సైకిళ్ళని ఒకసారి ఆగి చూడండి. ఒకటే గేరు. మినిమలిజం అనే మాట వాళ్ళు విని ఉండరు. రెండు బ్రేకులు, మడ్‌గార్డు, స్టాండు, క్యారేజీ, చైన్ కవర్ అన్నీ ఉంటాయి. ఎందుకంటే పడితే వాళ్ళకి సిక్ లీవ్ లేదు, కంపెనీ ఇన్సూరెన్స్ లేదు. నాకు ఉన్నాయి కాబట్టి ఆరు వారాలు కట్టుతో ఇంట్లో కూర్చుని ఒంటి చేత్తో మెయిళ్ళు కొట్టాను. బ్రేకులు పీకేసి అందం అనడం కడుపు నిండినవాడి సరదా. ఆ సరదాకి దెబ్బ తినేది మాత్రం ఒక్కోసారి ఎదురుగా ఫ్లాస్కు పట్టుకుని నిలబడ్డవాడు.

మా కుర్రాడికి ఇవన్నీ చెప్పాను. "నువ్వు మరీ అంకుల్‌లా మాట్లాడుతున్నావన్నా" అన్నాడు. అననీ. శనివారం తీసుకెళ్ళి చాచా ముందు నిలబెట్టాను. చాచా సైకిల్ చుట్టూ ఒకసారి తిరిగి, ఏమీ అనకుండా లోపలికెళ్ళి ముందు బ్రేకు సెట్టు ఒకటి తెచ్చి ఫోర్కుకి పెట్టి చూశాడు. సరిగ్గా పట్టింది. బిగించడానికి పావుగంట పట్టింది. లుక్కు కొంచెం పాడైందని కుర్రాడు బాధపడ్డాడు. మర్నాడు ఫోన్ చేశాడు, మదీనా దగ్గర ఒకసారి వాడాల్సి వచ్చిందట.